సూదికి ముందు అమ్మనడగాలి

సుహేర్ ఇంట్లో ఫ్రిజ్ లోపల, నెయ్యి డబ్బాకీ జున్ను గిన్నెకీ మధ్య, ఒక సూది పన్నెండు రోజులుగా పడి ఉంది. చూడ్డానికి రాసుకునే పెన్నులా ఉంటుంది. వారానికి ఒకసారి పొట్ట మీద గుచ్చుకుంటే ఆకలి చచ్చిపోతుందనీ, నెలలు తిరిగేసరికి ఒళ్ళు కరుగుతుందనీ మన్సూరా పట్టణంలో ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో పలకరింపులు కూడా మారిపోయాయి. వెనకటికి ఎవరైనా చిక్కితే "అయ్యో, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు చెవి దగ్గరికొచ్చి "సూదేనా?" అంటున్నారు.

ఆ సూది తెచ్చిపెట్టింది ఇబ్తిసామ్. జనన మరణాల నమోదు కార్యాలయంలో సుహేర్ పక్క కుర్చీ ఆమెది.

"మా సందులో మందుల షాపతను బంగారం. చీటీ అడగడు, ప్రశ్న అడగడు. నాలుగు నెలల్లో పదహారు కిలోలు దిగాను చూడు. నా పాత గౌన్లో ఇప్పుడు నేనూ మా అత్తగారూ ఇద్దరం పడతాం. కాకపోతే మేమిద్దరం ఒక గదిలోనే పట్టం, అది వేరే సంగతి."

సుహేర్‌కి నలభై ఏడేళ్ళు. బరువు నూట పద్దెనిమిది కిలోలు. ఆ రెండో అంకె ఆమె ఎవరికీ చెప్పదు గానీ ఆమె మోకాళ్ళు మెట్టు మెట్టుకీ చాటింపు వేస్తుంటాయి. భర్త రిఫాత్ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆమే, మందుల చదువు ఆఖరి సంవత్సరంలో ఉన్న కూతురు నోరాన్. ఎముకల డాక్టరు ముందు బరువు తగ్గించుకు రమ్మన్నాడు, మోకాళ్ళ సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. బరువు తగ్గడం కోసం ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. దోసకాయలు తింది, నిమ్మరసం తాగింది, అన్నం మానేసి అన్నం కలలు కంది. రెండు కిలోలు పోవడం, మూడు కిలోలు రావడం, అంతే.

అసలు బాధ మోకాళ్ళది కూడా కాదు. ఆమె తల్లి తఫీదా రెండు సందుల అవతల ఒక పాత మేడలో ఐదో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ఆ మేడకి లిఫ్టు లేదు. తల్లి కిందికి దిగలేదు, కూతురు పైకి ఎక్కలేదు. ఎనిమిది నెలలుగా వాళ్ళిద్దరి మధ్యా రాకపోకలు చేస్తున్నది ఒక్క బుట్ట. సుహేర్ కింద నిలబడి కేకేస్తే తఫీదా బాల్కనీ లోంచి తాడు కట్టిన బుట్ట వదులుతుంది. అందులో కూర గిన్నె పెడితే అది ఊగుతూ పైకి పోతుంది. తల్లి మొహం అరచేతంత కనిపిస్తుంది. ఆమె చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో సుహేర్ లెక్కపెట్టడం మానేసింది. లెక్కపెడితే ఏడుపొస్తుంది.

సూది తెచ్చిన రోజే వేయించుకునేదే, నోరాన్ పడనివ్వలేదు.

"నేను చదివేదేంటమ్మా, పకోడీలు వెయ్యడమా? డాక్టరు చూసి రాయందే నా చేత్తో నీకు వెయ్యను. నువ్వు వేసుకుంటే నీతో మాట్లాడను" అంది. రెండో బెదిరింపే పనిచేసింది.

* * *

డాక్టర్ దాలియా గది నిండా జనం ఉన్నారు. సుహేర్ వంతు వచ్చేసరికి పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు పిలుపు కూడా అయిపోయింది. డాక్టరమ్మ సన్నగా, ఓపిగ్గా ఉంది. ముందు తూకం వేసింది, రక్తపోటు చూసింది, ఆ తర్వాత కలం తీసింది.

"ఎందుకు తగ్గాలనుకుంటున్నారు, మదాం సుహేర్?"

"కనిపించడం లేదా డాక్టరమ్మా?"

"కనిపించేది నేను చూస్తాను. కనిపించనిది మీరు చెప్పండి."

సుహేర్ మోకాళ్ళ గురించి చెబుదామని నోరు తెరిచింది. "మా అమ్మ ఐదో అంతస్తులో ఉంటుంది" అని వచ్చింది నోట్లోంచి. డాక్టరమ్మ నవ్వలేదు. అదే రాసుకుంది.

తర్వాత వరసగా అడిగింది. క్లోమం ఎప్పుడైనా వాచిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా, చక్కెర జబ్బుకి మాత్రలేమైనా వాడుతున్నారా, కడుపుతో ఉన్నారా. ఆ ఆఖరి దానికి సుహేర్ "మా ఆయన పోయి ఆరేళ్ళయింది, కడుపుతో ఉంటే ముందు మా వీధికి తెలుస్తుంది" అంది. మందు మంచీ చెడ్డా కూడా దాలియా దాచలేదు. మొదట్లో వికారం ఉంటుంది, మలబద్ధకం ఉంటుంది, మానేస్తే చాలామందికి పోయిన బరువు తిరిగొస్తుంది, అంచేత ఇది నాలుగు వారాల ముచ్చట కాదని చెప్పింది.

"మీ బరువుకీ మీ మోకాళ్ళకీ ఇది మేలు చేసే మందే. నేనూ ఇదే రాద్దామనుకుంటున్నాను. ఒక్క ప్రశ్న మిగిలింది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా థైరాయిడ్ కాన్సర్ వచ్చిందా?"

సుహేర్ చెయ్యి దానంతటదే బల్ల అంచున చెక్కని పట్టుకుంది. కీడు మాట చెవిన పడితే చెక్క తాకడం అక్కడివాళ్ళకి ఊపిరి పీల్చినంత అలవాటు.

"లేదు డాక్టరమ్మా. అంటే... మా పిన్ని ఇన్షిరాహ్ ఉండేది. ఆమె ఆ పాడు రోగంతోనే పోయింది."

"ఎక్కడ వచ్చింది?"

"తెలీదు. నాకప్పుడు పదహారేళ్ళు. ఎవరూ చెప్పలేదు."

"ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో అడగలేదా?"

"అది అడిగే సంగతి కాదు కదా!"

దాలియా మన్సూరాలో పుట్టి పెరిగిన మనిషి. ఆమెకి ఈ జవాబు అర్థమైంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి గురక గురించి చెప్పుకుంటారు, కోడలి వంట గురించి చెప్పుకుంటారు, తమ కడుపు కోసిన కథ కుట్లతో సహా చెప్పుకుంటారు. ఈ ఒక్క రోగం పేరు మాత్రం ఎత్తరు. పేరు ఎత్తితే పిలిచినట్టే. పైగా ఫలానా ఇంట్లో ఆ రోగం ఉందని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లల్ని ఎవరు చేసుకుంటారని భయం. రోగి పోతాడు, రోగం పేరు అతనితోపాటే పాతిపెడతారు. చదువుకున్నవాళ్ళు ఇంకా లోతుగా పాతిపెడతారు.

దాలియా ఒక చిన్న కాగితం మీద ఒకే ఒక్క మాట రాసి ఇచ్చింది.

"థైరాయిడ్ కాన్సర్లలో చాలా రకాలున్నాయి. అన్నీ కాదు, ఈ ఒక్క రకం ఇంట్లో ఉంటే మాత్రం ఈ సూది మీకు పనికిరాదు. ఇది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా బిడ్డకి రాగల రకం. మీ పిన్నికి ఏమొచ్చిందో తెలుసుకురండి. తెలిసేదాకా నేను రాయను."

"మా అమ్మకే తెలియాలి. ఆవిడ తన వయసే చెప్పదు డాక్టరమ్మా, ఇది చెబుతుందా?"

"ఆవిడని నేను అడగలేను కదా మదాం. మీరే అడగాలి."

* * *

మర్నాడు ఆఫీసులో సుహేర్ ముందు తన చేతిలో ఉన్న పని చేసింది. పాత మరణాల పుస్తకం దింపించి పిన్ని పేజీ తీసింది. కారణం దగ్గర "గుండె ఆగిపోవడం" అని ఉంది. ఆమెకి నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పుస్తకాల్లో రాస్తోంది, గుండె ఆగకుండా పోయినవాడు ఒక్కడూ తగల్లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది ఇబ్తిసామ్ టీ కలుపుతూ. "నన్నెవరైనా అడిగారా మీ పిన్నికేమైంది, మీ తాతకేమైంది అని? నేను బతికి లేనా? వేసుకోవే తల్లీ, ఆ డాక్టర్లకి ప్రశ్నలకే డబ్బులు."

సుహేర్ ఆ మధ్యాహ్నం తల్లికి ఫోను చేసింది. అటూ ఇటూ తిప్పి, పిన్నికి వచ్చింది ఎక్కడమ్మా అని అడిగింది. "చచ్చినవాళ్ళ ఎముకలు కదపకూడదు. ములుఖియా ఆకుకూర తెస్తానన్నావు, వెల్లుల్లి ఎక్కువ వెయ్యి" అని తఫీదా ఫోను పెట్టేసింది.

కూర పట్టుకుని వీధిలోకి వెళ్ళింది సుహేర్. కేకేసి అడిగే మాట కాదు కాబట్టి చీటీ మీద రాసి గిన్నె కింద పెట్టింది. తల్లికి చదువు రాదన్న సంగతి బుట్ట మూడో అంతస్తు దాటాక గుర్తొచ్చింది. అప్పటికే తఫీదా చీటీ తీసి గాల్లో ఊపుతోంది.

"ఏంటే ఇది? కరెంటు బిల్లా? ఒరే ఇస్త్రీ అబ్బాయ్, రమదాన్! నీకు చదువొచ్చుగా, ఈ కాగితం బుట్టలో వేస్తాను, గట్టిగా చదివి పెట్టు!"

"వెయ్యి హాగ్గా, వెయ్యి!" అని ఇస్త్రీ రమదాన్ పెట్టె పక్కన పెట్టి మరీ బయటికొచ్చాడు. అరవయ్యేళ్ళ మనిషి. పక్కింటి కూరగాయల ఆవిడ కూడా వినడానికి వీలుగా సర్దుకుని కూర్చుంది. తఫీదా ముప్ఫై ఏళ్ళ కిందట మక్కా వెళ్ళొచ్చినప్పటి నుంచీ వీధి వీధంతా ఆమెని హాగ్గా అనే పిలుస్తుంది, ఆమె మాట ఎవరూ కాదనరు.

బుట్ట కిందికి వస్తుంటే సుహేర్ జీవితంలో ఎన్నడూ లేనంత చురుగ్గా నాలుగడుగులు వేసి రమదాన్ కంటే ముందు చీటీ లాక్కుంది.

"ఏముంది మదాం అందులో?" అన్నాడు రమదాన్ నొచ్చుకుని.

"వంటకం" అంది సుహేర్.

"వంటకమైతే మాకూ చెప్పొచ్చుగా!" అంది కూరగాయల ఆవిడ.

సుహేర్ తల పైకెత్తింది. తల్లి బాల్కనీ కమ్మీ మీద వంగి చూస్తోంది. ఇక వేరే దారి లేదని తెలిసిపోయింది. గోడ పట్టుకుని మేడ లోపలికి నడిచింది.

తొంభై ఆరు మెట్లు. మొదటి అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుంది. రెండో అంతస్తులో ఎవరో కుర్చీ వేశారు, కూర్చుంది. మూడో అంతస్తుకి కుడి మోకాలు లోపల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు అనిపించింది. నాలుగో దాంట్లో తనని తను తిట్టుకుంది, తిన్న ప్రతి ముద్దనీ తిట్టుకుంది, తర్వాత లిఫ్టు పెట్టించని మేడ యజమానిని తిట్టుకుంది, ప్రాణం కాస్త తేలికపడింది. ఐదో అంతస్తులో తలుపు తీసే ఉంది. తఫీదా గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచింది.

కావలించుకుని ఏడ్చారు. తల్లి భుజం ఎముక ఎనిమిది నెలల్లో ఇంకా పైకి తేలింది.

"ఎక్కావే! నా తల్లే, నా కన్నే, ఎలా ఎక్కావే ఆ కాళ్ళతో! కూర్చో, కూర్చో. అన్నం కూరిన ద్రాక్షాకు చుట్టలు ఉన్నాయి, వేడి చేస్తాను."

పళ్ళెం వచ్చింది. సుహేర్ దాన్ని పక్కకి జరిపింది. ఆ ఇంట్లో ఆమె ముందు పెట్టిన పళ్ళెం ముట్టకుండా ఉండిపోవడం అదే మొదటిసారి. తఫీదాకి అప్పుడే భయమేసింది.

"పిన్నికి ఎక్కడ వచ్చిందో చెప్పమ్మా. చెప్పేదాకా నేను తినను, దిగను. దిగమన్నా దిగలేను."

"నీకెందుకే ఇప్పుడది?"

సుహేర్ చెప్పింది. సూది గురించి, డాక్టరమ్మ ప్రశ్న గురించి, ఆ ఒక్క రకం గురించి.

తఫీదా కిటికీ మూసింది. బాల్కనీ తలుపు మూసింది. అక్కడ వినేవాళ్ళు పావురాలు తప్ప ఎవరూ లేరు, అయినా మూసింది. వచ్చి కూతురి పక్కన కూర్చుని, "గొంతులో" అంది. "ఇక్కడ."

వేలు తన గొంతు మీదే పెట్టుకుంది. అక్కడ పలచని తెల్లటి గీత ఉంది. సుహేర్ ముప్ఫై ఏళ్ళుగా ఆ గీత కథ వింటూనే ఉంది. మక్కా నుంచి మదీనా వెళ్తుంటే బస్సుకి బ్రేకు వేశారట, అద్దం పగిలి మెడ మీద గీరిందట, దైవ భూమిలో కారిన రక్తం కాబట్టి ఒక్క రోజులో మానిందట. వచ్చిన చుట్టాలందరూ ఆ గీత చూసి కళ్ళకద్దుకునేవాళ్ళు. ఇప్పుడు తల్లి వేలు ఆ గీత మీద నుంచి కదలడం లేదు.

"బస్సు..." అంది సుహేర్.

"బస్సు లేదు" అంది తఫీదా. "మక్కా లేదు. కైరోలో ఆస్పత్రి. ఇరవై ఐదు రోజులు. మీ నాన్న తిరిగొచ్చే రోజు అక్కడి హుస్సేన్ బజారుకెళ్ళి జపమాలలూ ఖర్జూరాలూ కొనుక్కొచ్చాడు, వీధిలో పంచాలి కదా."

సుహేర్ ఆ గీత మీద వేలు పెట్టి చూసింది.

"చెల్లెలు పోయిన నలభయ్యో రోజున స్నానం చేస్తుంటే నా చేతికి తగిలింది గడ్డ. నీకప్పుడు పదహారేళ్ళు. రిఫాత్ వాళ్ళమ్మ అప్పటికే నిన్ను చూసి పోయింది. చెల్లెలికి అదే, అక్కకీ అదే అని తెలిస్తే మన గడప ఎవరు తొక్కుతారే? మీ నాన్న అన్నాడు, దేవుడి పేరు చెప్పి వెళ్దాం, దేవుడు క్షమిస్తాడు, మనుషులు క్షమించరు అని. దేవుడు క్షమించాడో లేదో. ఆ రోజు నుంచీ ఎవరైనా హాగ్గా అంటే నా గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది."

"పొద్దున్నే వేసుకునే మాత్ర? కడుపు మంటకన్నావు?"

"అది గొంతుకే. గ్రంథి తీసేశారుగా."

"కాగితాలేవైనా ఇచ్చారా?"

తఫీదా మంచం కింద నుంచి ఆకుపచ్చ సంచీ లాగింది. అడుగున అస్తరు కుట్టు విప్పి మడతపెట్టిన కాగితం తీసింది. చదువు రాని మనిషి, చదవలేని కాగితాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు దాచింది. సుహేర్ డాక్టరమ్మ ఇచ్చిన చీటీ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చింది. అదే మాట. వెంటనే ఫోటో తీసి క్లినిక్ నంబరుకి పంపింది. అరగంట తర్వాత ఫోన్లోంచి దాలియా గొంతు గట్టిగా వినిపించింది: "మదాం సుహేర్, ఇది ఆ రకమే. సూది మీకు పనికిరాదు, ఒక్కసారి కూడా వేసుకోవద్దు. బరువుకి వేరే దారులున్నాయి, మాట్లాడదాం. అంతకంటే ముఖ్యం, మీరూ మీ అమ్మాయీ ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆలస్యం చెయ్యకండి."

"మీ అమ్మాయి అంటోందేంటే?" అంది తఫీదా. అడిగిందే గానీ ఆమెకి తెలుసు. ఆమె మొహం చూస్తే సుహేర్‌కి తెలిసింది, ఆమెకి ముందే తెలుసని.

"నీకు చెప్పారా అమ్మా అప్పుడు?"

తఫీదా ఒళ్ళో చేతులు చూసుకుంది. "పిల్లదాన్నీ తీసుకురండి, చూస్తాను అన్నాడు పెద్ద డాక్టరు. సరేనన్నాడు మీ నాన్న. ఆ ఏడు నీ పరీక్షలు. మరుసటేడు అన్నాడు. ఆ తర్వాత పెళ్ళయ్యాక అన్నాడు. ఆ తర్వాత ఆయన పోయాడు. నేను ఒక్కదాన్నీ ఏమని తీసుకెళ్ళను?"

సుహేర్‌కి ఒళ్ళు మండింది. తల్లి మీద అంత కోపం ఆమెకి ఎన్నడూ రాలేదు. నోరాన్ కడుపులో ఉన్నప్పుడు ప్రతి డాక్టరూ అడిగారు, మీ ఇంట్లో ఏమైనా జబ్బులున్నాయా అని. లేవు, దేవుడి దయ అని ప్రతిసారీ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

"నా ప్రాణం మీద పెళ్ళి చేశారన్నమాట" అంది.

"నీ పెళ్ళి కోసం నా రోగమే దాచుకుంటున్నాననుకున్నానే" అంది తఫీదా. "తప్పే. ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఒక్క మాట విను. నోరాన్‌కి ఇప్పుడే చెప్పకు. పిల్లకి ఇరవై రెండేళ్ళు, రేపో మాపో ఎవరో ఒకరు వస్తారు. నిఖా కాగితాల మీద సంతకాలయ్యాక చెబుదువు. నెమ్మదిగా."

సుహేర్ లేచి చెప్పులు వేసుకుంది. ఛీ అందామనుకుంది. అనలేదు. ఎందుకంటే ఆ మాట విన్న క్షణంలో ఆమె మనసు కూడా సరే అనే అంది, ఆ సంగతి ఆమెకి మెట్లన్నీ దిగేదాకా మింగుడు పడలేదు.

* * *

నోరాన్ కాలేజీ నుంచి వచ్చేసరికి సుహేర్ అన్నంలోకి సేమియా వేయిస్తోంది.

"అమ్మమ్మ చెప్పిందా? రేపు శుక్రవారం, మంచి రోజు. డాక్టరమ్మ ఊఁ అంటే నేనే వేస్తాను, చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"నాకది సరిపడదంది డాక్టరమ్మ."

"అయ్యో. ఎందుకట?"

"ఏవో కారణాలు. వేరే మందు రాస్తుందట."

అబద్ధం కూడా కాదది. నోరాన్ కాసేపు బాధపడింది, పోనీలే అమ్మా అంది, ఈత నేర్చుకుందువు, నీళ్ళలో మోకాళ్ళకి బరువుండదు అంది. తర్వాత గిన్నెలు కడగడానికి లేచింది. జుట్టు పైకి ముడేసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ కుళాయి దగ్గర నిలబడింది. సుహేర్ బల్ల దగ్గర కూర్చుని కూతురి మెడ చూస్తూ ఉండిపోయింది. నున్నటి మెడ, పాట తీస్తుంటే కొద్దిగా కదులుతోంది. ఇంత తేలిగ్గా ఉందా దాచడం అనుకుంది. తన తల్లి కూడా ఒకప్పుడు ఇలాగే కూర్చుని తన మెడ చూసి ఉంటుంది. ఏదో రాత్రి తన పొయ్యి దగ్గర ఆ మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. అయినా నోరు మూసుకుంది. ప్రేమ లేక కాదు. ప్రేమతోనే ఇంత పని చేసింది.

"కుళాయి కట్టెయ్" అంది సుహేర్. "వచ్చి కూర్చో."

చెప్పింది. రోగం పేరు పెట్టే చెప్పింది. ఆ మాట తన నోటితో అనడం నలభై ఏడేళ్ళలో అదే మొదలు. కాన్సర్ అన్నాక ఇల్లు కూలలేదు, దీపం ఆరలేదు, పొయ్యి మీద అన్నం మాత్రం కొంచెం మాడింది.

నోరాన్ చదువుకున్న పిల్ల. సగంలోనే అర్థమైపోయింది. చేతులు తుడుచుకోవడం మర్చిపోయి నీళ్ళు కారుతున్న చేతుల్తోనే కూర్చుంది.

"ఇది మా పుస్తకంలో ఉందమ్మా. తల్లికి ఉంటే బిడ్డకి సగానికి సగం. అంటే నీకూ ఉండొచ్చు. నాకూ ఉండొచ్చు."

"ఉండొచ్చు తల్లీ."

"నీకు ముందే తెలిసుంటే నన్ను కనేదానివి కాదా?"

"కనేదాన్ని. కని, చూపించేదాన్ని."

నోరాన్ ఏడ్చింది. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, "అమ్మమ్మ మీద నాకు చాలా కోపంగా ఉంది" అంది. సుహేర్ తనకీ ఉందంది. ఆ మాట అన్నాక ఇద్దరూ మాడిన అన్నం తిన్నారు.

మర్నాడు నోరాన్ సూదిని మంచుముక్కల సంచీలో పెట్టి మందుల షాపుకి తీసుకెళ్ళి తిరిగిచ్చేసింది. ఎవరికి పడుతుందో ఎవరికి పడదో ఒక్క ముక్క అడగకుండా ఎలా ఇస్తారండీ అని నిలదీసింది. షాపతను తప్పు ఒప్పుకోలేదు గానీ నిజమే చెప్పాడు: "అడిగితే చెప్పేవాళ్ళెవరమ్మా ఈ ఊళ్ళో?" సాయంత్రం నోరాన్ అమ్మమ్మకి ఫోను చేసి, శనివారం పొద్దున్న మేమిద్దరం పరీక్షకి వెళ్తున్నామని చెప్పి, జవాబు వినకుండా పెట్టేసింది.

శనివారం తల్లీ కూతుళ్ళు ల్యాబుకి బయల్దేరారు. తఫీదా మేడ ముందు నుంచే దారి. కింది మెట్టు మీద నల్లటి ముసుగూ, చేతిలో కర్రా, ఒళ్ళో ఆకుపచ్చ సంచీతో తఫీదా కూర్చుని ఉంది. తెల్లవారగానే దిగడం మొదలుపెట్టిందట. రమదాన్ చెప్పాడు, నాలుగో అంతస్తు నుంచీ తను తోడుగా దిగాడట. సుహేర్ టాక్సీ ఆపి తల్లిని ముందు ఎక్కించింది.

ల్యాబులో కూర్చోడానికి చోటు లేదు. గోడ పొడుగునా ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, ఒకరి మాట ఒకరికి వినపడుతోంది. బల్ల అవతల అమ్మాయి తల ఎత్తకుండానే పేర్లు రాసుకుంది, వయసు రాసుకుంది.

"ఈ పరీక్ష ఎందుకు రాశారు? ఇంట్లో ఎవరికైనా ఏమైనా జబ్బుందా?"

సుహేర్ నోరు తెరిచింది. పక్కనున్నవాళ్ళందరూ చటుక్కున చెవులు రిక్కించారు. గొంతు తగ్గించి చెబుదామని ముందుకి వంగింది.

"నాకుంది" అంది వెనక నుంచి తఫీదా. ఐదో అంతస్తు నుంచి వీధికి కేకేసే గొంతు అది, తగ్గించడం దానికి రాదు. "కాన్సర్. గొంతులో. నా చెల్లెలు దాంతోనే చచ్చిపోయింది. వీళ్ళిద్దరూ నా కూతురూ మనవరాలూ. వాళ్ళకి నేను చెప్పలేదు."

ఒకావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. బల్ల అవతల అమ్మాయి చెయ్యి గబుక్కున చెక్క మీదికి పోయింది. "బయటే ఉండాలి, దూరంగా ఉండాలి" అని గొణిగింది, ఆ రోగం పేరు వింటే ఆ ఊళ్ళో అందరూ గొణిగినట్టే.

"దూరం దూరం అంటూనే ఇంట్లో పెట్టుకున్నామమ్మా" అంది తఫీదా. "రాసుకో."